చెప్పి కొట్టిన దెబ్బ, చెప్పకుండా కొట్టిన దెబ్బ

సమీక్షకులు నెత్తిన పెట్టుకున్న ‘డార్క్ సోల్స్ 2’ను దాని అభిమానులే ఎందుకు తప్పుపట్టారు? విడుదలై పదేళ్లు దాటినా తెగని వాదం

జపాన్‌లోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ తయారు చేసిన ‘డార్క్ సోల్స్ 2’ 2014 మార్చిలో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రాల మీద, మరుసటి నెలలో కంప్యూటర్ల మీద విడుదలైనప్పుడు సమీక్షకులు దాన్ని దాదాపు ఏకకంఠంతో మెచ్చుకున్నారు. పత్రికలు ఇచ్చిన మార్కులను కలిపి సగటు కట్టే పట్టికల్లో దానికి 100కు 90కి పైగా వచ్చాయి. ఆ తొలి సంబరం చల్లారాక, ఆ ఆటను వందల గంటలు ఆడినవారి నోటనే అది ఆ వరుసలోకెల్లా బలహీనమైన భాగమన్న మాట స్థిరపడింది. దానికి దీటుగా, ఆ వరుసలోకెల్లా ధైర్యమైన భాగం అదేనన్న ప్రతివాదమూ పుట్టింది. ఈ రెండు పక్షాలలో ఏదీ నేటికీ తగ్గలేదు. ఒక వీడియోగేమ్ గురించి ఇంత పట్టుదలగా వాదులాడుకోవడం బయటివారికి వింతగా తోచవచ్చు గాని, ఆ వాదం అడుగున ఉన్న ప్రశ్న చిన్నది కాదు: ఒక ఆట తన ఆటగాడిని కష్టపెట్టదలచుకున్నప్పుడు ఆ కష్టం ఏ షరతుల మీద న్యాయమవుతుంది?

వాదాన్ని అనుసరించడానికి ముందు కొన్ని మాటల అర్థం తెలియాలి. యాక్షన్ ఆర్‌పీజీ అన్నది రెండు సంప్రదాయాల కలయిక. ఆర్‌పీజీ, అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, ఆటగాడు ఒక పాత్రను స్వీకరించి దాని బలం, చురుకు, మంత్రశక్తి వంటి గుణాలను అంకెల రూపంలో కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే ఆట. యాక్షన్ గేమ్ అంటే ఆ క్షణాన కన్ను ఎంత గమనించింది, వేళ్లు ఎంత చురుగ్గా కదిలాయి అన్నదాని మీద గెలుపోటములు తేలే ఆట. ఈ రెండింటినీ కలిపి హిదెతాకా మియాజాకి దర్శకత్వంలో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2009లో ‘డీమన్స్ సోల్స్’ను, 2011లో ‘డార్క్ సోల్స్’ను తెచ్చింది. వాటిలో శత్రువును చంపితే ‘సోల్స్’ అనే ఆత్మలు దక్కుతాయి. కొనుగోలుకు డబ్బూ అవే, పాత్రను బలపరచుకోవడానికి పెట్టుబడీ అవే. చనిపోతే చేతిలోని ఆత్మలన్నీ చనిపోయిన చోటే రాలిపోతాయి. మధ్యలో మళ్లీ చావకుండా అక్కడికి చేరి ఏరుకోలేకపోతే శాశ్వతంగా పోతాయి. ‘డార్క్ సోల్స్’లో దారి పొడవునా అక్కడక్కడ కనిపించే బాన్‌ఫైర్ అనే చలిమంట దగ్గర కూర్చుంటే గాయాలు మానుతాయి, కాని అప్పటిదాకా చంపిన మామూలు శత్రువులందరూ తిరిగి లేచి నిలబడతారు.

ఇంత కఠినమైన ఏర్పాటును లక్షల మంది భరించడమే కాక ప్రేమించడానికి కారణం, మొదటి ‘డార్క్ సోల్స్’ తన శిక్షలకు కారణం చూపడం. దెబ్బ తగిలిన ప్రతిసారీ, కొన్ని మినహాయింపులు వదిలేస్తే, శత్రువు కత్తి ఎత్తిన తీరులోనో, మూలమలుపు దగ్గర కనబడీ కనబడని నీడలోనో ఆ దెబ్బకు ముందస్తు సూచన ఉండేది. ఆటగాడు తన పొరపాటును తానే పట్టుకొని మరుసటిసారి దిద్దుకోగలిగేవాడు. దాని తరువాతి భాగం పగ్గాలు మియాజాకి చేతిలో లేవు. ఆయన పర్యవేక్షకుడి హోదాకు పరిమితమై 2015లో రాబోయే ‘బ్లడ్‌బోర్న్’ మీద పనిచేస్తుండగా, తొమొహిరో షిబుయా, యుయి తానిమురా దర్శకత్వ బాధ్యత తీసుకున్నారు. తయారీ సజావుగా సాగలేదని, మధ్యలో ఆటనంతటినీ మళ్లీ మొదటి నుంచి ఆలోచించవలసి వచ్చిందని, అప్పటికే గీసి పెట్టుకున్న స్థలాలను కొత్త అవసరాలకు తగినట్టు మలచుకోవలసి వచ్చిందని తానిమురా తరువాత స్వయంగా చెప్పారు.

‘డార్క్ సోల్స్ 2’ మీద వచ్చిన వ్యాసాలు సాధారణంగా గుణాలను ఒక పక్కన, దోషాలను మరో పక్కన పేర్చి లెక్క తేలుస్తాయి. ఆ పద్ధతి ఈ ఆటకు అన్యాయం చేస్తుంది, ఎందుకంటే ఇక్కడ గుణదోషాలు వేర్వేరు వేళ్ల నుంచి మొలిచినవి కావు. కష్టాన్ని ఒక్క చేతివాటానికే వదిలిపెట్టకుండా, దాన్ని పొదుపుకు, అలసటకు, ముందుచూపుకు సంబంధించిన విషయంగా మార్చాలన్నది ఈ తరువాతి భాగం తీసుకున్న మూలనిర్ణయం. ఆ నిర్ణయం తప్పు కాదు. ఆ మాటకొస్తే ముందటి ఆట కంటే అది లోతైనది. ఎక్కడ కొత్త నియమాన్ని ఆటగాడి కళ్లెదుట పెట్టిందో అక్కడ ఆట గొప్పగా నిలబడింది, ఎక్కడ దాన్ని అంకెల వెనుక దాచిందో అక్కడ ఆటగాడి నమ్మకాన్ని పోగొట్టుకుంది.

దొర్లడానికి కట్టిన వెల

దాచిన నియమాలలో అన్నింటికన్నా పేరుమోసినది ‘అడాప్టబిలిటీ’ అనే గుణం. ఈ వరుస ఆటల్లో శత్రువు దెబ్బ నుంచి బయటపడే ప్రధాన మార్గం నేల మీద దొర్లడం. ఆటగాళ్లు దాన్ని రోల్ అంటారు. దొర్లుతున్న కొద్ది సేపట్లో పాత్రకు ఏ ఆయుధమూ తగలని కొన్ని క్షణాలు ఉంటాయి. తెర మీది కదలిక నిజానికి వెంటవెంటనే మారే నిశ్చల చిత్రాల వరుస. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. దెబ్బ తగలని ఆ చిత్రాల సంఖ్యే రోల్ నాణ్యతకు కొలత. మొదటి ‘డార్క్ సోల్స్’లో ఆ సంఖ్య మోస్తున్న బరువును బట్టి మారేది. బరువైన ఇనుప కవచం తొడిగితే దొర్లడం మందగిస్తుందన్నది ఎవరూ చెప్పకుండానే అర్థమయ్యే సంగతి. పైగా ఆ మందకొడితనం కంటికి కనిపించేది.

‘డార్క్ సోల్స్ 2’ ఈ సంబంధాన్ని తెంపేసింది. బరువు ఇక్కడ ఎంత దూరం దొర్లగలరన్నదాన్ని మారుస్తుంది; దెబ్బ తగలని ఫ్రేముల సంఖ్యను మాత్రం ‘అజిలిటీ’ అనే వేరొక లెక్క నిర్ణయిస్తుంది; ఆ లెక్క ప్రధానంగా అడాప్టబిలిటీ మీద, కొంత మంత్రాలకు సంబంధించిన మరో గుణం మీద ఆధారపడుతుంది. అజిలిటీ 105కు చేరితే 13 ఫ్రేముల రక్షణ దొరుకుతుందని ఆటగాళ్లు కొలిచి తేల్చారు. ఆరంభంలో ఏ పాత్రకూ అంత ఉండదు. ఆటలోని వివరణ ఆ గుణం తప్పించుకోవడాన్ని సులువు చేస్తుందని లీలగా చెబుతుందే గాని, దానికి ఎంత విలువ ఉందో, ఎక్కడ మెట్టు మారుతుందో చెప్పదు. చాలీచాలని రోల్, సరిపోయినంత రోల్ తెర మీద ఒకే తీరుగా కనిపిస్తాయి. ఫలితంగా, సరైన క్షణంలో సరైన దిక్కుకు దొర్లిన కొత్త ఆటగాడికి కూడా గొడ్డలి తగులుతుంది. తన తప్పేమిటో అతనికి ఎన్నటికీ తెలియదు. అతను నేర్చుకోవలసిన పాఠం కంటితో నేర్చుకునేది కాకుండా, గుణాల పట్టికలో వెతికి పట్టుకోవలసినది అయింది. ఎస్టస్ అనే ఔషధాన్ని తాగే వేగం కూడా ఇదే అంకె మీద ఆధారపడటంతో నష్టం రెట్టింపు అయింది.

సమర్థించేవారి వాదనకూ బలముంది. తప్పించుకునే నేర్పును కూడా కొనుక్కోవలసిన గుణంగా మార్చడం వల్ల, డాలు పట్టి దెబ్బకు ఎదురు నిలబడే యోధుడు ఆ పెట్టుబడిని వదిలేసి బలంలో పెట్టుకోవచ్చు, చురుకు మీద ఆధారపడేవాడు దానికి తగిన వెల చెల్లిస్తాడు, అప్పుడే రెండు పాత్రలకు నిజమైన తేడా వస్తుందని వారంటారు. పాత్రపోషణ సంప్రదాయం వైపు నుంచి చూస్తే ఇది సమంజసమే. కాని ఆ వాదన నిలవాలంటే వెల ఎంతో కొనేవాడికి ముందే తెలియాలి. ధర చీటీ దాచిన అంగడిలో సరుకు ఎంత మంచిదైనా బేరం న్యాయమైనదని అనలేము. పైగా, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ఆ తరువాత చేసిన ‘డార్క్ సోల్స్ 3’లో గాని ‘ఎల్డెన్ రింగ్’లో గాని ఈ గుణాన్ని తిరిగి తీసుకురాలేదు.

తరిగే ప్రాణం, తరిగే శత్రువులు

దీనికి పూర్తిగా భిన్నమైన ఫలితాన్నిచ్చినది చావుకు విధించిన శిక్ష. ఈ కథలో కథానాయకుడు ఒక శాపం సోకినవాడు. చచ్చినా చావడు, కాని చచ్చిన కొద్దీ తన జ్ఞాపకాలను, మనిషితనాన్ని పోగొట్టుకుంటూ చివరికి ‘హాలో’ అవుతాడు, అంటే జీవచ్ఛవం. మొదటి ఆటలో ఈ శాపం కథలోనే ఎక్కువగా ఉండేది, ఆటగాడి బలానికి దానివల్ల పెద్దగా లోటు కలిగేది కాదు. ‘డార్క్ సోల్స్ 2’లో ప్రతి మరణానికి ప్రాణరేఖ గరిష్ఠ పరిమాణం 5 శాతం చొప్పున కోసుకుపోతూ సగానికి దిగేదాకా తరుగుతుంది. హ్యూమన్ ఎఫిజీ అనే చిన్న మనిషిబొమ్మ వాడితే పూర్వస్థితి వస్తుంది, కాని అవి పరిమితంగా దొరుకుతాయి. తరుగుదలను ముప్పావు వంతు దగ్గర ఆపే ఉంగరం ఒకటి ఆట తొలిదశలోనే ఉంది. మరో ఆటగాడి లోకంలోకి సహాయకుడిగా వెళ్లి అతన్ని గెలిపిస్తే కూడా మనిషితనం తిరిగి వస్తుంది.

ఈ శిక్ష చాలామందికి కోపం తెప్పించింది. ఓడిపోతున్నవాడిని ఇంకా బలహీనపరచడం ఏ న్యాయమన్నది వారి ప్రశ్న. రెండేళ్ల తరువాత ‘డార్క్ సోల్స్ 3’ ఇదే తేడాను తిరగేసి చూపింది: అక్కడ ‘ఎంబర్’ అనే నిప్పురవ్వ వాడితే ప్రాణం 30 శాతం పెరుగుతుంది, చనిపోతే ఆ పెరుగుదల పోతుంది. లెక్కలో రెండూ దగ్గరివే, కాని ఒకటి జరిమానాగా, మరొకటి బహుమతిగా మనసుకు తోస్తుంది. ఆటగాడి సుఖం దృష్ట్యా మూడవ భాగం చేసిందే తెలివైన పని కావచ్చు. కథకు కట్టుబడినది మాత్రం రెండవదే. ప్రతి చావుతో ప్రాణరేఖ కొన కొంచెం కొంచెం నల్లబడుతూ రావడం, పాత్ర ముఖం కుళ్లుతూ రావడం, శాపం అంటే ఏమిటో కథనం చెప్పలేని రీతిలో చెబుతాయి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఈ నియమం కళ్లెదుట ఉంది. ఎంత పోయిందో, ఏం చేస్తే వస్తుందో, ఎంత మిగిలిందో ఆటగాడికి తెలుసు. ఒక ఎఫిజీని ఇప్పుడు వాడాలా, రాబోయే బాస్, అంటే ఆ ప్రాంతానికి అధిపతి అయిన మహాశత్రువు, ఎదురయ్యేదాకా దాచుకోవాలా అన్న తర్జనభర్జనలో నిజమైన బరువు ఉంది.

దీని పక్కనే, అంతకుముందు ఈ వరుసలో లేని ఒక దయ కూడా ఉంది. ఒకే శత్రువును పదేపదే, సుమారు 12 నుంచి 15 సార్లు చంపితే, ఆ తరువాత అతను ఇక లేవడు. ఒక బాస్ దగ్గర ఇరవై సార్లు ఓడిపోయినవాడికి ఆ బాస్ దాకా వెళ్లే దారి క్రమంగా నిర్మానుష్యమవుతుంది. ఇది ఆటను పలచన చేసిందని కొందరు తీసిపారేశారు. ఒకే చోట శత్రువులను అంతులేకుండా చంపుతూ ఆత్మలు పోగేసుకోవడానికి, ఆటగాళ్ల మాటలో గ్రైండింగ్‌కు, అలవాటుపడినవారు దారి మూసుకుపోయిందని నొచ్చుకున్నారు. నిజానికి ఇక్కడ చావు ప్రాణాన్ని తరుగుతుంటే, పట్టుదల శత్రువులను తరుగుతుంది. ఏది ముందు అయిపోతుందన్నదే పోరు. కావాలనుకున్నవాడు ‘బాన్‌ఫైర్ అసెటిక్’ అనే వస్తువును మంటలో వేసి ఆ ప్రాంతాన్ని మరింత కఠినంగా, చచ్చిన బాస్‌తో సహా తిరిగి బతికించుకోవచ్చు. ‘కంపెనీ ఆఫ్ చాంపియన్స్’ అనే కూటమిలో చేరితే శత్రువులు మాయమవడం ఆగిపోతుంది, దెబ్బలు బలపడతాయి. సులువు, కష్టం అన్న మీట ఆట మెనూలో కాక లోకం లోపలే, కథకు సంబంధించిన వస్తువుల రూపంలో ఆటగాడి చేతికి అందడం ఈ ఆట సాధించిన అతి పెద్ద విజయం. దాన్ని గుర్తించినవారు తక్కువ.

గుంపులు, వాటి వెనుక లెక్క

గుంపులుగా వచ్చి మీదపడే శత్రువుల గురించి వినిపించినంత ఫిర్యాదు మరి దేని మీదా వినిపించలేదు. లావా మధ్యన ఉన్న ఐరన్ కీప్ కోటలో అలాన్ దళపు ఖడ్గవీరులు ఒకరి వెనుక ఒకరు దూరదూరాల దాకా తరుముకొస్తారు; పైగా పాత ఆటలో తలుపు తీస్తున్నప్పుడు, పొగమంచు తెర దాటుతున్నప్పుడు ఉండే రక్షణ ఇక్కడ తీసివేశారు గనక పరుగెత్తి తప్పించుకుపోవడం కుదరదు. ఈ రెండూ విడివిడిగా చూస్తే మొండితనంగా కనిపిస్తాయి, పైన చెప్పిన మాయమయ్యే నియమంతో కలిపి చూస్తే ఒక క్రమం బయటపడుతుంది: పరుగెత్తవద్దు, ఒక్కొక్కరిని విడదీసి ఓపికగా చంపు, ఎన్నిసార్లయినా చంపు, చివరికి దారి నీదవుతుంది. ఆటలో మొదట ఒకే ఒక్క గుక్కతో మొదలయ్యే ఎస్టస్ సీసా, దానికి తోడుగా వర్తకురాలి దగ్గర కొనుక్కోగలిగే, గాయాన్ని నెమ్మదిగా మాన్పే లైఫ్‌జెమ్ రాళ్లు కూడా ఈ క్రమంలోని భాగాలే. ఇది సంచి సర్దుకొని దండయాత్రకు బయలుదేరే పద్ధతి. ద్వంద్వయుద్ధపు పద్ధతి కాదు.

క్రమం ఉన్నంత మాత్రాన ప్రతిచోటా అది పండిందని కాదు. ‘డార్క్ సోల్స్’ కత్తిపోరు మూలంలో ఒక్క శత్రువు మీద చూపు నిలిపి చేసే పోరు. చూపు తాళం వేసినట్టు ఒకరి మీదే ఉంటుంది, కెమెరా ఆ ఒక్కరినే చూపిస్తుంది. అలాంటి పోరుకు నలుగురిని ఒకేసారి తెచ్చిపెట్టినప్పుడు మూడవవాడి కత్తి తెర అవతలి నుంచి వస్తుంది, దానికి సూచన ఉండదు. మోకాలిలోతు నీళ్లలో నడవవలసిన ష్రైన్ ఆఫ్ అమానాలో ఈ దోషం పరాకాష్ఠకు చేరింది; నీళ్ల కింద లోతెక్కడుందో తెలియక అడుగు తీసి అడుగు వేస్తుంటే, కంటికి ఆనని దూరం నుంచి పూజారిణులు వదిలే మంత్రబాణాలు మలుపులు తిరుగుతూ వెంటపడతాయి. విడుదలైన తరువాత సంస్థే సవరణ పంపి ఆ బాణాల ఉధృతిని తగ్గించిందంటే, ఆ ఫిర్యాదు చేతకానివారి గోల కాదని వేరే సాక్ష్యం అక్కరలేదు. అయితే అదే చోటు, ఎక్కడి నుంచో వినిపించే గానంతో, నీలి వెలుగుతో, ఈ ఆటలోకెల్లా అందమైన చోట్లలో ఒకటి కావడం ఆ దోషాన్ని మరింత బాధాకరం చేసింది.

గాలిమర పైన అగ్నిపర్వతం

మొదటి ఆటకు అసలైన కీర్తి తెచ్చినది దాని భూగోళం. అక్కడి లోర్డ్రన్ రాజ్యం ఒకే కొండ చుట్టూ పైకీ కిందికీ పెనవేసుకుపోయిన కట్టడం. గంటల తరబడి తిరిగి తిరిగి ఒక లిఫ్టు దిగితే మొదలుపెట్టిన చోటికే చేరుకున్నామని తెలిసినప్పటి విస్మయం ఆడినవారెవరూ మరచిపోలేదు. అక్కడ ఒక బాన్‌ఫైర్ నుంచి మరొకదానికి ఎగిరిపోయే వసతి సగం ఆట గడిచాకగాని దొరకదు, అప్పటిదాకా కాలినడకే. ‘డార్క్ సోల్స్ 2’ ఆ వసతిని మొదటి నుంచే ఇచ్చింది. దాంతో దారులు ఒకదానితో ఒకటి కలవవలసిన అవసరం పోయింది. డ్రాంగ్లెయిక్ రాజ్యం మాజులా అనే సముద్రతీరపు ఊరి నుంచి చేతివేళ్లలా విడిపోయే దారుల సముదాయమైంది.

విషపు గుంటల మీద నిలబడ్డ ఎర్తెన్ పీక్ అనే గాలిమర పైకొనకు చేరి, అక్కడి లిఫ్టులో ఇంకా పైకి వెళ్తే లావా మరిగే ఐరన్ కీప్ వస్తుంది. బయట నిలబడి చూసినప్పుడు ఆ గాలిమర పైన ఆకాశం తప్ప ఏ కొండా ఉండదు. ఈ ఒక్క లిఫ్టు ఈ ఆట మీది విమర్శలన్నింటికీ గుర్తుగా మిగిలిపోయింది. కథానాయకుడి జ్ఞాపకం చెదిరిపోతున్నది గనక నడిచిన దారుల మధ్య భాగాలు అతనికి గుర్తుండవని, అందుకే దూరాలు కుదించుకుపోయాయని ఒక వ్యాఖ్యానం ప్రచారంలో ఉంది. అది ఇంపైన వ్యాఖ్యానం, కాని నిలిచేది కాదు. నిజంగా అదే ఉద్దేశమైతే ఎక్కడో ఒక చోట, ఒక పాత్ర మాటలో గాని ఒక దృశ్యంలో గాని, దానికి పట్టు దొరకాలి. ఆ లిఫ్టు దగ్గర అలాంటిదేదీ లేదు. తానిమురా చెప్పిన తయారీ కష్టాలే దీనికి సరళమైన సమాధానంగా తోస్తాయి. విడుదలకు ముందు చూపిన దృశ్యాలలోని గాఢమైన వెలుగునీడలు విడుదలైన ఆటలో పలచబడిపోవడం, కాగడా పట్టి చీకట్లో నడవాలన్న ఊహ చాలా చోట్ల అవసరమే లేని అలంకారంగా మిగలడం కూడా ఆ కోవలోవే.

మాజులా మాత్రం ఈ దోషాల లెక్కకు లొంగదు. ఎప్పుడూ అస్తమించబోతున్నట్టుండే సూర్యుడు, కొండకొమ్మున నిలబడి ఎదురుచూసే పచ్చ వస్త్రాల యువతి, మోటోయ్ సాకురాబా, యుకా కితామురా సంగీతం చేసిన ఆటలో మరవరాని ఆ మెల్లని స్వరం, ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లు ఎన్ని లక్షల సార్లు చచ్చారో లెక్క చూపించే రాతిస్తంభం, ఊరి నడుమ నోరు తెరుచుకున్న అగాధమైన గొయ్యి. అక్కడి నుంచి మొదటి గంటలోనే మూడు నాలుగు దిక్కులకు వెళ్లవచ్చు. డబ్బిచ్చి ఒక దారి తెరిపించుకోవచ్చు, ప్రాణానికి తెగించి గోతిలోకి దూకవచ్చు. అల్లిక పోయింది గాని, ఎటు వెళ్లాలో ఎంచుకునే స్వేచ్ఛ అంతకుముందు లేనంత వచ్చింది.

పద్దు పుస్తకంలో చేరిన ప్రతి ఆత్మ

దాచిన నియమాలలో రెండవ పెద్ద తప్పు ‘సోల్ మెమొరీ’. పాత ఆటలో ఇతర ఆటగాళ్ల లోకంలోకి సాయానికో దాడికో వెళ్లేటప్పుడు ఇద్దరి పాత్రల స్థాయిని పోల్చి జతచేసేవారు. కొందరు స్థాయిని కావాలనే తక్కువగా ఉంచుకొని, ఆయుధాలను మాత్రం చివరిదాకా పదునుపెట్టుకొని కొత్తవారిని వేటాడేవారు. దాన్ని ఆపడానికి, పుట్టినప్పటి నుంచి ఎన్ని ఆత్మలు సంపాదించారన్న మొత్తాన్నే ‘డార్క్ సోల్స్ 2’ కొలబద్దగా పెట్టింది. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం తలకిందులైంది. చనిపోయి పోగొట్టుకున్న ఆత్మలు కూడా ఆ పద్దులో ఉండిపోతాయి గనక, చేతకాక నష్టపోయినవాడు తనకంటే బలవంతులతో జతపడతాడు; కలిసి ఆడుకునే ఇద్దరు మిత్రులలో ఒకరు నాలుగు రోజులు ఎక్కువ ఆడితే వారి లోకాలు విడిపోతాయి. వచ్చే ఆత్మలను పద్దులోకి చేరకుండా మింగేసే ఒక ఉంగరాన్ని తరువాత చేర్చవలసి వచ్చింది. చిత్రమేమిటంటే, అదే పద్దును ఆట మరొక చోట ఉదారంగా వాడుకుంది: నలుగురు మహాశత్రువులను చంపితే తెరుచుకునే ష్రైన్ ఆఫ్ వింటర్ తలుపు, వారిని చంపకపోయినా మొత్తం 10 లక్షల ఆత్మలు సంపాదించినవాడికి తెరుచుకుంటుంది.

కంప్యూటర్ల మీద ఆడినవారు ఎదుర్కొన్న ఆయుధాల అరుగుదల అసలు నియమం కాదు, పొరపాటు. కత్తి తగిలినంతసేపు ప్రతి ఫ్రేముకూ అరుగుదలను లెక్కించే పద్ధతి వల్ల, సెకనుకు 60 ఫ్రేములు నడిచే యంత్రంలో ఆయుధం 30 ఫ్రేముల యంత్రంలో కంటే రెట్టింపు వేగంతో విరిగిపోయేది. దాన్ని సరిదిద్దడానికి 2015 దాకా పట్టింది. అప్పటిదాకా, తమ కత్తి అంత త్వరగా ఎందుకు విరుగుతున్నదో తెలియక అది కూడా ఆట కష్టంలో భాగమేనని నమ్మి సర్దుకుపోయినవారు ఎందరో. కష్టానికి పేరుమోసిన ఆటలో లోపానికీ ఉద్దేశానికీ మధ్య గీత ఎంత సులువుగా చెరిగిపోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

బాస్‌ల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 30కి పైగా ఉన్నారు. అందులో కవచం తొడిగిన నిలువెత్తు యోధులే ఎక్కువ కావడంతో ఒకరికొకరికి తేడా మసకబారింది. తన అద్దపు డాలులోంచి మరో ఆటగాడిని రప్పించి పోరాడించే లుకింగ్ గ్లాస్ నైట్ వంటి ఊహలు అక్కడక్కడ మెరుస్తాయి. సంఖ్యను సగానికి తగ్గించి ఉంటే ఆట బాగుపడేదే.

ఆయుధాల వైవిధ్యంలో మాత్రం ఈ భాగానికి ఆనాటికి సాటి లేదు. రెండు చేతులా రెండు ఆయుధాలు పట్టి, వాటికి కావలసిన గుణాలు ఒకటిన్నర రెట్లు ఉంటే రెండింటినీ ఒకేసారి ఝుళిపించగలిగే ‘పవర్ స్టాన్స్’ ఇక్కడే పుట్టింది. పెంచుకున్న గుణాలన్నింటినీ చెరిపి మళ్లీ పంచుకునే వీలు ఇచ్చింది, కాబట్టి తప్పు పెట్టుబడి పెట్టినవాడు ఆటనే వదిలేయవలసిన పని లేదు. ఆట పూర్తిచేసి రెండవసారి మొదలుపెడితే శత్రువుల బలం పెరగడంతో సరిపెట్టకుండా కొత్త శత్రువులను, కొత్త వస్తువులను అమర్చారు. లాస్ట్ సిన్నర్ అనే బాస్‌కు రెండవసారి నిప్పులు విసిరే ఇద్దరు తోడు వస్తారు. తానిమురా సహదర్శకుడిగా పనిచేసిన 2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’లో జంట ఆయుధాల పద్ధతి తిరిగి రావడం, ఆరంభం నుంచే దూరప్రాంతాలకు ఎగిరిపోయే వసతి ఉండటం చూసినవారికి, తూలనాడబడిన ఈ భాగం ఎక్కడ కలిసిపోయిందో అర్థమవుతుంది.

మూడు కిరీటాలు

తమ తప్పులను తయారీదారులు తామే ఎంత బాగా చదువుకున్నారో 2014 జులై నుంచి సెప్టెంబరు దాకా విడుదలైన మూడు అనుబంధ భాగాలు చూపిస్తాయి. భూగర్భ నగరమైన షుల్వాలో బాణంతో మీటలు కొడితే రాతి గోపురాలు పైకీ కిందికీ జరిగి దారులు మారిపోతాయి; లోర్డ్రన్ అల్లికను తలపించే కట్టడం మళ్లీ కనిపిస్తుంది. బూడిద కప్పిన బ్రూమ్ టవర్‌లో శత్రువులకు బలమిచ్చే విగ్రహాలను పగలగొట్టడానికి లెక్కపెట్టి ఇచ్చిన మేకులు ఉంటాయి. ఏ విగ్రహానికి ఎన్ని వాడాలన్నది ఆటగాడి పొదుపు. మంచు గడ్డకట్టిన ఎలియం లాయ్స్‌లో తుపాను ఆగినప్పుడు తిరిగిన వీధులే కొత్తగా తెరుచుకుంటాయి. అక్కడ వెతికి కూడగట్టుకున్న సైనికులు చివరి పోరులో నిజంగానే పక్కన నిలబడి నరక ద్వారాలను మూసేస్తారు. పొదుపు, ముందుచూపు, ఓపిక అన్న మూలనిర్ణయం ఈ మూడు చోట్లా కళ్లెదుటే ఉంది, అందుకే పండింది. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల కోసం చేసిన ఫ్రిజిడ్ అవుట్‌స్కర్ట్స్ అనే మంచు మైదానం మాత్రం మినహాయింపు. తెల్లని తుపానులో దారి కనబడక, ఉరుములా వచ్చి పడే గుర్రాల నడుమ సాగే ఆ నడకను సమర్థించడం ఎవరి తరమూ కాదు.

2015 ఏప్రిల్‌లో కొత్త యంత్రాలకు వచ్చిన ‘స్కాలర్ ఆఫ్ ది ఫస్ట్ సిన్’ కూర్పు శత్రువులను మార్చి అమర్చి, కొన్ని దారులను రాతిబొమ్మలతో మూసి, మరొక అంతిమ శత్రువును చేర్చింది. అది కొన్ని చోట్ల మేలు, కొన్ని చోట్ల కీడు చేసింది. ఏది అసలైన ‘డార్క్ సోల్స్ 2’ అన్న కొత్త వాదాన్ని రాజేసింది. అడాప్టబిలిటీనీ గాలిమర పైని లిఫ్టునూ అది ముట్టుకోలేదు.

ఈ ఆట కథానాయకుడు రాజ్యాన్నేలడానికి బయలుదేరినవాడు కాదు, మరుపు నుంచి తప్పించుకోవడానికి వచ్చినవాడు. మిర్రా దేశపు యోధురాలు లూకటియెల్ దారిలో నాలుగైదు చోట్ల కనిపిస్తుంది. కనిపించిన ప్రతిసారీ ఆమె మాటలో ఏదో ఒకటి జారిపోతుంటుంది, చివరికి తన పేరైనా గుర్తుంచుకొమ్మని అడుగుతుంది. మహారాజు వెండ్రిక్ కోసం ఆటంతా వెతికి వెతికి భూగర్భ శ్మశానంలో చేరుకుంటే, ఒంటిమీద బట్ట లేని ఒక మహాకాయపు జీవచ్ఛవం కత్తి ఈడ్చుకుంటూ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆటగాడు కొట్టినా మొదట అటు తిరిగి చూడదు. మూడు అనుబంధ భాగాల కిరీటాలను, రాజు కిరీటాన్ని సంపాదించి వెండ్రిక్ జ్ఞాపకంలోకి వెళ్లి ఆయనతో మాట్లాడితే, ఆయన వాటికి ఒక వరం ఇస్తాడు. ఆ కిరీటాలలో ఏది తల మీద ఉన్నా, ఎన్నిసార్లు చచ్చినా ఇక ముఖం కుళ్లదు, ప్రాణరేఖ తరగదు. అన్ని గంటల పాటు 5 శాతం చొప్పున కోసుకుపోయిన శిక్ష అక్కడితో ఆగిపోతుంది. శాపం మాత్రం పోదు, ఆటగాడు మరుసటి తలుపు దగ్గర మళ్లీ చచ్చి చలిమంట పక్కన లేస్తాడు.